బండి ఇంటి కప్పుకు పూత



కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉన్నవి. ఒకటి కాళేశ్వరుడు, రెండవది ముక్తీశ్వరుడు. ముక్తీశ్వర లింగానికి రెండు రంధ్రాలున్నవి. వాటిలో ఎన్ని బిందెల నీరు పోసినా నిండవనీ, ఆ నీరు కంటికి కనిపించని దారిన పోయి గోదావరీ ప్రాణహితల సంగమంలో కలుస్తుందనీ భక్తుల విశ్వాసం. నీరు చొచ్చిన చోటు ఒకటి, బయటపడిన చోటు మరొకటి. దేవుని సన్నిధిలో ఇది మహిమ. మన తలమీది కప్పు విషయంలో మాత్రం ఇదే చిక్కు. మంచం మీద చుక్కలు పడుతున్నవి గదా అని, మంచానికి సరిగ్గా పైనున్న చోట పూత పూస్తాము. నీరు వచ్చేది అక్కడినుంచి కాదు. డబ్బు పోతుంది, చుక్కలు మాత్రం ఆగవు.

ఈనాటి ప్రసంగానికి విషయం ఇండ్లన్నిటిలో చిన్న ఇల్లు, చక్రాల మీద నడిచే ఇల్లు. దాని కప్పుకు ఏ పూత పూయవలెను, ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎప్పుడు సార్థకమవుతుంది అన్న మూడు ప్రశ్నలను విచారిద్దాము. కారవాన్ అనగానే మనకు సినిమా తారల వాహనం జ్ఞాపకం వస్తుంది. అంత హంగు లేకపోయినా, బండినే ఇల్లుగా చేసికొనేవారు మనలో చాలామంది ఉన్నారు. డీసీఎం వ్యానులో పరుపులు పరచి, పొయ్యి, బియ్యం, నీళ్ళ డబ్బాలు సర్దుకొని తీర్థయాత్రకు బయలుదేరే బంధువర్గం ఉన్నది. నెలల తరబడి ఊరూరా తిరిగి, లారీ నీడనే వండుకొని తిని నిద్రించే బోరుబావుల పనివారున్నారు. పాత బస్సును కొని, లోపల మంచాలూ అలమారాలూ అమర్చుకొన్న ఉత్సాహవంతులున్నారు. వీరందరికీ ఆకాశానికీ తలకూ నడుమ ఉన్నది ఒక పలుచని రేకు మాత్రమే.

ఆ రేకు ఎట్టి పరీక్షలకు నిలువవలెనో కాళేశ్వరం చక్కగా చూపిస్తుంది. ఇక్కడ 2022లో ఏప్రిల్ 13 నుంచి 24 వరకు ప్రాణహిత పుష్కరాలు జరిగినవి. 2025లో మే 15 నుంచి 26 వరకు సరస్వతీ పుష్కరాలు జరిగినవి. రెండూ నడివేసవిలో వచ్చినవే. గోదావరి పుష్కరాలు 2015లో జూలై 14 నుంచి 25 వరకు జరిగినవి. తిరిగి 2027లో వానకాలంలో రానున్నవి. తీర్థం ఒక్కటే, త్రివేణి ఒక్కటే; ఒకమారు బండి కప్పుకు ఎండతో యుద్ధం, మరొకమారు వానతో యుద్ధం. ఈ యుద్ధం సుఖానికి సంబంధించినది మాత్రమే అనుకొనరాదు. 2025 ఏప్రిల్ నెలలో తెలంగాణ ప్రభుత్వం వడగాలినీ వడదెబ్బనూ రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, వాటివలన మరణించినవారి కుటుంబాలకు 4 లక్షల రూపాయల సహాయం నిర్ణయించినది. వేడి రేకు కింద పసిబిడ్డనో, ముసలి తల్లినో పండుకోబెట్టేవారు ఈ మాటను మనసులో ఉంచుకొనవలెను.

పూతను గురించి దుకాణంలో అడుగబోయే ముందు మనలను మనమే అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. మన శత్రువు ఎండా, వానా? చాలామంది ఈ ప్రశ్న వేసికొనరు. కారుతున్నదని తారు పూస్తారు. తారు నీటిని ఆపుతుంది, సందేహం లేదు. కాని అది నల్లనిది. మరుసటి వేసవిలో ఆ కప్పు ఎండను పీల్చి పెనమై కూర్చుంటుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు, వానను గెలిచి ఎండకు లొంగిపోతాము. వేడిగా ఉన్నదని సున్నం కొట్టినవారికి దీనికి ఎదురు అనుభవం కలుగుతుంది. వేసవి చల్లగా గడుస్తుంది, మృగశిర కార్తెలో సున్నమంతా కరిగి రేకు అంచుల వెంట తెల్లని చారలై కారిపోతుంది.

ఎండ లెక్క కొంచెం తెలిసికొందాము. నడినెత్తిన సూర్యుడున్న వేళ ఒక చదరపు మీటరు కప్పు మీద సుమారు 1,000 వాట్ల శక్తి పడుతుంది. అనగా ఒక ఇస్త్రీపెట్టె శక్తి. అయిదు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల వ్యాను కప్పు 10 చదరపు మీటర్లు. దాని మీద పది ఇస్త్రీపెట్టెలు బోర్లించి, ప్లగ్గు పెట్టి ఉంచినట్లు ఊహించుకొనండి. నల్లని కప్పు ఈ పదింటిలో తొమ్మిదింటి వేడిని తనలో ఇముడ్చుకొంటుంది. కొత్తగా పూసిన మంచి తెల్లపూత ఎనిమిదింటిని ఆకాశానికి తిప్పి పంపి, రెండింటిని మాత్రమే ఉంచుకొంటుంది. ఇముడ్చుకొన్న వేడి అంతా లోపలికే రాదు, గాలికి కొంత పోతుంది. అయినను తొమ్మిదికీ రెంటికీ గల భేదం చిన్నది కాదు.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉన్నది. మెరిసేదంతా చల్లనిది కాదు. కొత్త జింకు రేకు మెరుస్తుంది, వెండిరంగు పూసిన రేకు కూడా మెరుస్తుంది. అవి ఎండను కొంత తిప్పి పంపుతవి గాని, తాము పీల్చిన వేడిని సులభంగా వదలవు. తెల్లపూతకు ఈ రెండు గుణాలూ ఉన్నవి: తిప్పి పంపడమూ తెలుసు, వదలడమూ తెలుసు. అందుకే 2017 నాటి జాతీయ ఇంధన పొదుపు భవన నియమావళి చల్లని కప్పుకు రెండు కొలతలు విధించినది. కొత్తగా ఉన్నప్పుడు ఎండలో నూటికి 60 పాళ్ళకు తక్కువ కాకుండా తిప్పి పంపవలెను. వేడిని వదిలే శక్తి నూటికి 90 పాళ్ళకు తగ్గరాదు. డబ్బా కొనేటప్పుడు ఈ రెండు అంకెలూ అడిగి తెలిసికొనడం మన హక్కు.

ఇది పుస్తకాల మాట మాత్రమేనా అంటే కాదు. హైదరాబాదు ప్రాంతంలోని రెండు వాణిజ్య భవనాల మీద చేసిన కొలతల ఫలితాలు 2012లో వెలువడినవి. నల్లని కప్పును తెల్లగా మార్చినచోట చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్ల విద్యుత్తు ఆదా అయినది. పూత లేని కాంక్రీటు కప్పును తెల్లగా మార్చినచోట 13 నుంచి 14 యూనిట్లు మిగిలినవి. అవి శీతలయంత్రాలు గల భవనాలు. అవి లేని పేదల ఇండ్ల మీద హైదరాబాదులోనే 2017లో మరొక పరీక్ష జరిగినది. ఒక బస్తీలో 25 ఇండ్ల కప్పులకు తెల్లని ప్లాస్టిక్ పొర కప్పి చూస్తే, అట్టి పొర లేని ఇండ్లకంటె లోపలి గాలి సగటున 2 డిగ్రీలు చల్లగా ఉన్నది. రెండు డిగ్రీలు ఏపాటి అని తేలికగా తీసివేయరాదు. నడివేసవి రాత్రి నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ ఆ రెండు డిగ్రీలే తేడా కావచ్చును.

మన పూర్వులకు ఈ విద్య తెలియనిది కాదు. గానుగలో నూరిన డంగు సున్నంలో కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపి, మిద్దెల మీద వేసి, రోజుల తరబడి కట్టెలతో కొట్టి గచ్చు చేసేవారు. ఆ గచ్చు ఎండకూ వానకూ తట్టుకొనేది. అయితే ఆ వైభవమంతా గోడలు మోసే కప్పుకు తగినది, చక్రాలు మోసే కప్పుకు తగదు. కప్పు బరువు తగ్గించడం ఎంత అవసరమో కాకతీయుల శిల్పులకూ తెలుసు. రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన పాలంపేట రామప్ప గుడి విమానానికి వారు నీటిమీద తేలేటంత తేలిక ఇటుకలు వాడినారు. మన బండికి అదే సూత్రం. నేటి పూతలు రెండు చేతులు వేసినా చదరపు మీటరుకు కిలోకు అటుఇటుగా మాత్రమే బరువు. కనుక బరువు భయం పూతలకు లేదు; సిమెంటు, పెంకు ముక్కలు, గచ్చు మాత్రం బండి మీదికి ఎక్కించరాదు.

ఇక పనిలోకి దిగుదాము. మొదటి మెట్టు, కప్పు దేనితో చేసినదో తెలిసికొనడం. మన దేశంలో బస్సులకూ వ్యానులకూ కప్పు సాధారణంగా ఇనుప రేకుతోగాని, అల్యూమినియంతోగాని, ఫైబరుతోగాని ఉంటుంది. విదేశాలలో నివాసవాహనాలకు రబ్బరు పొరల కప్పులు కూడా ఉన్నవి; వాటిలో ఇ.పి.డి.ఎం. అనే రబ్బరుకు తారు, పెట్రోలు జాతి ద్రావకాలు తగిలితే ఉబ్బి చెడిపోతుంది. ఇనుముకు తుప్పు గోకి రెడాక్సైడు వంటి ప్రైమరు వేయవలెను. అల్యూమినియానికీ జింకు రేకుకూ వాటికి తగిన ప్రైమరు వేరే ఉన్నది. ఫైబరును ఉప్పుకాగితంతో తేలికగా రుద్ది గరుకు చేయవలెను. తడి సున్నం అల్యూమినియాన్ని తినివేస్తుంది. కనుక చౌక అని బండి కప్పుకు సున్నం కొట్టడం తగదు. పైగా బండి కదలికకు, గాలి విసురుకు సున్నం నాలుగు ఊళ్ళు దాటకముందే పొట్టుగా రాలిపోతుంది.

రెండవ మెట్టు అతుకులు. బండి కప్పు నడిమధ్యన కారడం అరుదు. రేకు రేకుతో కలిసే చోట, మర బిగించిన చోట, రివెట్టు కొట్టిన చోట, గాలికిటికీకి కోసిన చోట, సామాను కడ్డీలు పాతిన చోట కారుతుంది. అక్కడ చొచ్చిన నీరు లోపలి చెక్క వెంట ప్రాకి, ఎక్కడో మూలన చుక్కలై రాలుతుంది. పడవ పని తెలిసినవారిని చూడండి. మొదట పలకల సందులు పూడ్చి, ఆ తరువాతనే పైపూతకు కుంచె పట్టుకొంటారు. సందు పూడ్చకుండా పూత పూస్తే పడవకు అందం వస్తుంది, ప్రయాణికులకు ఈత వస్తుంది. బండికి కూడా ఇదే మర్యాద. ఎండిపోయి పగుళ్ళిచ్చిన పాత జిగురును తీసివేసి, మరలు బిగించి, అతుకుల మీద పాలియురెథేన్ సీలెంటుగాని, బ్యూటైల్ పట్టీగాని వేయవలెను. పుల్లని వాసన వచ్చే చౌకరకం సిలికోను జింకు రేకును తుప్పుపట్టిస్తుంది; దానిని వాడరాదు. పెద్ద అతుకుల మీద పూతలో తడిపిన పలుచని జాలిగుడ్డ పరచి, పైన మరొక చేయి వేస్తే కదలికకు పగలదు.

మూడవ మెట్టు పూతను ఎంచుకొనడం. ముఖ్యమైన రకాలను ఒక్కొక్కటే చెబుతాను.

మొదటిది అక్రిలిక్ తెల్లపూత. నీటితో పలుచన చేసేది, రబ్బరువలె కొంత సాగేది. ఎండను తిప్పి పంపడంలో మంచిది, పూయడం సులభం, కుంచెలను నీటితోనే కడుగవచ్చును. దీని లోపం ఒక్కటే. నీరు నిలిచే చోట మెత్తబడి లేస్తుంది. కప్పు వాలుగా ఉండి నీరు జారిపోయే బండికి చాలావరకు ఇది సరిపోతుంది.

రెండవది సిలికోను పూత. నిలువనీటికి చలించదు, ఎండకు త్వరగా ముసలిది కాదు. ధర ఎక్కువ. దుమ్మును త్వరగా పట్టుకొంటుంది. మరొక సంగతి ముఖ్యమైనది: ఒకసారి సిలికోను పూసిన కప్పుకు తరువాత సిలికోనే పట్టుతుంది గాని మరొక పూత అంటుకొనదు. కనుక ఇది జీవితబంధం వంటిది. ఆలోచించి అడుగు వేయవలెను.

మూడవది పాలియురెథేన్. గట్టిది, రాపిడికి ఓర్చుకొంటుంది, సామాను ఎక్కించి దించే కప్పుకు, మనిషి నడిచే కప్పుకు తగినది. దీనిలో ఒక రకం ఎండకు పసుపెక్కి సున్నపు పొడివలె రాలుతుంది; దానిమీద ఎండకు తట్టుకొనే పైచేయి తప్పనిసరి. కొనేటప్పుడే ఈ మాట అడుగవలెను.

నాలుగవది ఎపాక్సీ. నేలకు మంచిది, ఎండలోని కప్పుకు మంచిది కాదు. గట్టిగా బిగిసిపోయి కదలికకు పగులుతుంది, ఎండకు పొడి అవుతుంది. ప్రైమరుగా కింద ఉండవచ్చును, పైన ఉండరాదు.

అయిదవది తారు, తారు పట్టీలు. నీటికి అడ్డు, ఎండకు చుట్టం. వాడక తప్పనిచోట పైన వెండిపొర గల పట్టీని చిన్న అతుకులకు మాత్రమే వాడవచ్చును.

ఆరవది అసలు పూతే కాదు, మన పాత చలువపందిరి. బండి ఒకేచోట పది రోజులు నిలిచేటప్పుడు, కప్పుకు జానెడు ఎత్తున ఒక నీడవల గాని, తెల్లని గుడ్డ గాని కట్టి, నడుమ గాలి ఆడేటట్లు చేస్తే, ఎండ రేకును తాకనే తాకదు. ఖర్చు తక్కువ, విప్పి మడిచి పెట్టుకొనవచ్చును. తెల్లపూతా, పైన నీడా రెండూ ఉంటే ఇంకేమి కావలెను? అయితే బండి కదిలేముందు దానిని విప్పడం మరువరాదు.

ఇప్పుడు ఖర్చు సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించినది. అయిదేండ్లలో రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచవలెనని లక్ష్యం పెట్టుకొన్నది. ఆ సందర్భంలో చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు చాలునని ప్రభుత్వం తరఫున చెప్పినారు. ఆ లెక్కన 10 చదరపు మీటర్ల వ్యానుకు 3,000 రూపాయలు. 12 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు గల బస్సుకు 30 చదరపు మీటర్లు కనుక 9,000 రూపాయలు. అయితే ఈ లెక్క ఇండ్ల కప్పులను ఉద్దేశించినది. బండికి అతుకుల పని, తుప్పు పని అదనం. కప్పు చిన్నదైనా పనివాని రోజుకూలి చిన్నది కాదు.

ఇక్కడనే నేను ప్రధానంగా చెప్పదలచిన మాట ఉన్నది. బండి కప్పు చిన్నది కనుక డబ్బా ధర అసలు ఖర్చు కాదు. డబ్బా కిందనున్న పని, ఆ పని ఎన్ని ఏండ్లు నిలుస్తుందన్నది అసలు ఖర్చు. ఒక లెక్క వేసి చూద్దాము. ఇవి లెక్క బోధపడడానికి వేసిన అంకెలేగాని అంగడి ధరలు కావు. మీ వ్యానుకు 6 లీటర్లు కావలెననుకొందాము. ఒక రకం లీటరు 200 రూపాయలు, మరొక రకం 400. మొదటిదానికి 1,200, రెండవదానికి 2,400 అవుతుంది. అతుకులు, ప్రైమరు, కూలి రెంటికీ సమానమే, 3,000 అనుకొందాము. మొత్తం ఒకటి 4,200, రెండవది 5,400. మొదటిది రెండేండ్లు నిలిస్తే ఏటికి 2,100 పడినది. రెండవది అయిదేండ్లు నిలిస్తే ఏటికి 1,080 పడినది. చౌక అనుకొన్నది రెట్టింపు ఖరీదై కూర్చున్నది. ఇక ప్రైమరూ, అతుకుల పనీ మానివేసి మంచి డబ్బా కొన్నవారి గతి ఏమిటి? పూత ఒక్క వానకే పొరపొరలుగా లేచిపోతే, అన్నిటికంటె ఖరీదైనది వారి పూతే.

డబ్బాలు ఎన్ని కావలెనో దుకాణదారుని అడుగకముందే మనమే లెక్క కట్టుకొనవలెను. పొడవును వెడల్పుతో హెచ్చవేయండి. ముడతల రేకు అయితే ముడతలకుగాను కొంత కలపండి. డబ్బామీద లీటరుకు ఎన్ని చదరపుటడుగులు, ఎన్ని చేతులకు అని వ్రాసి ఉంటుంది. ఒక చేతికి వ్రాసినదానిని రెండు చేతులకు వ్రాసినట్లు చదివి సగమే కొని రాకండి. నీరు ఎక్కువ కలిపి పూతను సాగదీయడం పాలలో నీళ్ళు కలపడం వంటిదే. కప్పు తెల్లగా కనిపిస్తుంది, పొర మాత్రం పలుచన అవుతుంది, ఆయుస్సు తగ్గుతుంది.

పని చేసే కాలం కూడా ముఖ్యం. ఉత్తర తెలంగాణలో జూన్ నడుమకు వానలు అందుకొంటవి. కనుక మాఘ ఫాల్గుణ మాసాలు పూతకు మంచి కాలం. మంచు తగ్గి ఉంటుంది, రేకు ఇంకా కాలదు. ఉదయం మంచు ఆరిన తరువాత మొదలుపెట్టి, రేకు చేతికి వేడి తగిలేలోగా ఆపవలెను. కాలుతున్న రేకుమీద పూస్తే పైపొర ముందుగా ఎండి, లోపల తడి మిగిలి బుడగలు లేస్తవి. ఒక చేయి పూర్తిగా ఆరిన తరువాతనే రెండవది వేయవలెను. రెండవ చేతిని మొదటిదానికి అడ్డంగా వేస్తే విడిచిన చోట్లు కప్పబడతవి. పాతపూత ఉన్న కప్పు అయితే ముందు ఒక మూలన జానెడు మేర కొత్తపూత వేసి ఆరనిచ్చి, దానికి అంటుపట్టీ అతికించి లాగి చూడండి. పట్టీతో పాటు పూత ఊడివస్తే ఆ జత కుదరదన్నమాట. ఇంట గెలిచి రచ్చ గెలవవలెను. మూలన గెలవని పూత కప్పంతా గెలవదు.

పూసిన తరువాత పూతను మరచిపోరాదు. కాళేశ్వరం, భూపాలపల్లి దారుల మీద ఇసుక లారీలు, బొగ్గు లారీలు తిరుగుతవి. ఆ దుమ్ము తెల్లకప్పును బూడిదకప్పుగా మార్చివేస్తుంది. బూడిదరంగు కప్పు ఎండను మునుపటివలె తిప్పి పంపలేదు. ఏటా వేసవికి ముందు ఒకసారి మెత్తని కుంచెతో, నీటితో కడిగితే పోయిన గుణంలో చాలాభాగం తిరిగి వస్తుంది. ఈ పనికి ఒక ఉదయం చాలును. వానకాలం ముందు మరొకసారి నిచ్చెన వేసి అతుకులు చూచుకొంటే, మిగిలిన ఏడాది నిశ్చింత.

మాకు బండి ఇల్లు లేదే, ఉన్నది రేకుల ఇల్లే అనే గృహిణులకు ఒక మాట. చెప్పినదంతా మీ రేకుకూ వర్తిస్తుంది. కదలిక లేదు కనుక ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. స్లాబు మీద తెల్ల సున్నం కొట్టడం కూడా అన్నిటికంటె తక్కువ ఖర్చుగల మంచి మార్గమే. ఉగాదికి ముందు కొట్టండి, ఆ వేసవికి పనిచేస్తుంది, వచ్చే ఏడాది మళ్ళీ కొట్టండి. సిమెంటు రేకులలో మాత్రం ఆస్‌బెస్టాస్ అనే రాతినార ఉండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి క్యాన్సరుకు కారణమవుతుంది. అట్టి రేకులను పొడిగా ఉన్నప్పుడు గోకరాదు, ఉప్పుకాగితంతో రుద్దరాదు, రంధ్రాలు చేయరాదు, నీటి పిచికారీతో కొట్టరాదు. తడిపి, మెత్తగా పాచి తుడిచి, పైన పూత వేయడమే క్షేమం. రేకు మీద కాలు పెట్టరాదు; విరిగి లోపల పడే ప్రమాదం ఉన్నది.

చివరగా ఒక హెచ్చరిక. పూత కవచమే గాని కంబళి కాదు. అది పడే ఎండను తిప్పి పంపుతుంది. చుట్టూ వీచే వడగాలిని చల్లబరచలేదు. ఎంత తెల్లని కప్పు అయినా, తలుపులు మూసి ఎండలో నిలిపిన బండి కొద్ది నిమిషాలలోనే కొలిమి అవుతుంది. అందులో పిల్లలనుగాని, ముసలివారినిగాని, మూగజీవాలనుగాని క్షణం కూడా వదిలి వెళ్ళరాదు. పూతతో పాటు గాలి ఆడే కిటికీ, కింద నీడ, చేతికి అందే మంచినీరు ఉండవలెను. వేడి ఇంకా బాధిస్తే రేకు లోపలివైపు థర్మోకోల్ వంటి అడ్డు పెట్టించి పైచెక్క బిగించడం తరువాతి మెట్టు. అది పూతకు తోడు, బదులు కాదు.

2027 పుష్కరాలకు బండి కట్టుకొని గోదావరికి బయలుదేరవలెనని ఇప్పటినుంచే అనుకొంటున్న కుటుంబాలు ఎన్నో ఉంటవి. ఆనాటికి నల్లమబ్బు నెత్తిన ఉంటుంది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, చుక్కలు రాలిన తరువాత పూతకు పరుగెత్తడం కంటె, ముందటి మాఘంలోనే ఒక ఉదయం నిచ్చెన వేసికొని కప్పు ఎక్కండి. అతుకులు చూడండి, ఆ తరువాత డబ్బా కొనండి. ఈ వరుస తప్పకపోతే ఖర్చు తగ్గుతుంది, కప్పు నిలుస్తుంది, కప్పు కింద పండుకొన్నవారు సుఖంగా నిద్రిస్తారు. సెలవు.